గాజునార పడవ

చదివినవాడు చేతితో పని చేయనక్కఱలేదు. చేతితో పని చేయువానికి చదువక్కఱలేదు. ఈ మాటలను మనలో నెవ్వరును పైకి ననరు. అయినను మన యిండ్ల నడవడి యంతయు వీని మీదనే నిలిచియున్నది. మన పిల్లవాడు సుత్తి పట్టినచో "పోయి చదువుకో" యని మందలింతుము. పడవవాని కొడుకు పుస్తకము పట్టినచో "వీనికెందు కీ చదువు?" అని నవ్వుదుము. ఈ మందలింపును ఆ నవ్వును ఒక్క చెట్టు కాయలే. వీని వలని కీడెంతటిదో నాకు సంస్కరణ గ్రంథముల వలనకంటె నొక పడవ మరమ్మతు వలన నెక్కువగా తెలిసినది. కావున దానిని గూర్చియే వ్రాయుచున్నాను.

మన తూర్పుతీరమున నేటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలతో సముద్రపు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టి పెరుగుటకై యేర్పడిన నియమమిది. మత్స్యకారులకు అది వేట లేని కాలమే గాని పని లేని కాలము గాదు. వలలు బాగుచేసికొనుట, యింజనులు విప్పి కడుగుట, పడవల యడుగులు మరమ్మతు చేయుట అప్పుడే జరుగును. బడికి వేసవి సెలవులును అప్పుడే. కాకినాడకు ఈశాన్యముననున్న యుప్పాడ తీరమున నా శిష్యుడొకని తండ్రి తన పడవను మరమ్మతు చేయుచుండగా నేను పది దినములు ప్రతి యుదయమును అచటికి పోయితిని. మొదట చూచుటకు పోయితిని. మూడవనాటికి కుంచె పట్టితిని.

ఆ పడవ కొయ్యది కాదు, గాజునారది. వెనుక ఈ తీరమున తెప్పలును, కొయ్య నావలును ఉండెడివి. నావల యతుకులలో నార కూరి, గుగ్గిలమును నూనెతో కాచి పూసెడివారు. తగిన కొయ్య ప్రియమైనది; పురుగు తినుచుండెను. ఐక్యరాజ్యసమితి యాహార వ్యవసాయ సంస్థవారు 1979లో మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత పథకము నారంభించి, అలలను దాటి యొడ్డున కెక్కదగిన పడవలను రూపొందింప ప్రయత్నించిరి. అప్పటినుండి గాజునార పడవలు మన తీరమున క్రమముగా వ్యాపించినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట తూర్పుతీరమున సహాయముగా పంచబడిన పడవలలో నివియే మెండు. ఈ విద్య పుట్టినది మాత్రము అమెరికాలో. గాజును దారములుగా తీసి వ్యాపారమునకు తెచ్చిన ఓవెన్స్-కార్నింగ్ సంస్థ 1938లో నేర్పడెను. ఆ నారను రెజినుతో కలిపి రే గ్రీన్ అను నాతడు 1942లో నొక చిన్న తెరచాప పడవను చేసెను.

ఇందు ఆలోచింపదగిన విషయమొకటి కలదు. గాజునార లాగుడునకు మిక్కిలి యోర్చును. కాని తనంత తాను నిలువలేదు, వస్త్రము వలె వ్రేలాడును. గట్టిపడిన రెజిను తనంత తాను నిలుచును. కాని దెబ్బ తగిలిన పెళుసుగా విఱుగును. ఈ రెండును కలిసి గట్టిపడినపుడు అలల తాకిడి కోర్చు పడవ యగుచున్నది. భోజరాజు పేరనున్న యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున నౌకలను గూర్చిన భాగమొకటి యున్నది. అందు కొయ్యలకును నాలుగు వర్ణములు చెప్పబడినవి: తేలికయై మెత్తనైనది బ్రాహ్మణజాతి, తేలికయై గట్టిదైనది క్షత్రియజాతి, మెత్తనై బరువైనది వైశ్యజాతి, గట్టిదై బరువైనది శూద్రజాతి. బరువును గట్టితనమును చూచి కొయ్యను వేఱుపఱచుట మంచి పరిశీలనమే. ఆ పరిశీలనమునకు జాతుల పేర్లు తగిలించి, వేర్వేఱు జాతుల కొయ్యలతో కట్టిన నౌక మేలుకాదని చెప్పుట మాత్రము కొయ్యను చూచి తెలిసికొన్నది కాదు. ఊరిని చూచి నేర్చినది. వేర్వేఱు స్వభావములు గల రెండు పదార్థముల కలయికయే నేటి పడవకు ప్రాణము.

పని యెట్లు జరిగినదో చెప్పెదను. ఇసుకపై నీడ్చుటచే నడుగు అరిగి, పైపూత పోయి, నార బయటపడియుండెను. ఒకచోట చేయి దూరునంత పగులుండెను. తొలుత మంచినీటితో నుప్పు కడిగి పలుదినము లెండనిచ్చిరి. తడియున్నచోట రెజిను పట్టదు. పైకి పట్టినట్లే కనబడి, వేటకు పోయిన పిదప పొరగా నూడివచ్చును. పగులును ఉన్నదున్నట్లు నింపుటయు పనికిరాదు. దాని యంచులను దూరము వఱకు నేటవాలుగా చెక్కవలెను. అడుగు మందము 8 మిల్లీమీటర్లైనచో, పండ్రెండు రెట్లు, అనగా నించుమించు 10 సెంటీమీటర్ల వఱకు చుట్టును వాలు తీయవలెను. ఏలయన గట్టిపడిన పాతపొరతో క్రొత్త రెజిను కరగి యేకము కాదు. గీచిన గరుకుతనమును పట్టుకొనియే యుండును. ఎంత యెక్కువ చోటు గీచితిమో యంత పట్టు. శ్రమ యంతయు నిందే యున్నది. పగులుపై మెఱుగు రంగు వేసిన నొడ్డుననున్న మనకు కనబడదు. సముద్రము రంగును చూడదు.

అటుపిమ్మట గాజునారను పఱతురు. త్రుంపిన నారను చాపవలె నదిమిన దొక విధము. దానిని మేట్ అందురు. చదరపు మీటరునకు 450 గ్రాములు తూగునది యిచ్చట వాడుక. లావు దారములతో నేసిన రోవింగు మఱియొక విధము. కిలో మేట్‌నకు రెండు కిలోలకు పైగా రెజిను కావలెను. కిలో రోవింగునకు ఇంచుమించు కిలోయే చాలును. కుంచెను రంగు వేయునట్లు లాగరాదు. లాగిన నార చెదరును. ముంచి పొడిచినట్లు తాకింపవలెను. రెజిను తగిలినకొలది తెల్లని చాప తెలుపు పోయి, క్రిందిపొర యద్దము గుండ వలె కనబడును. గాజును, రెజినును కాంతిని ఇంచుమించు సమానముగా వంచుటచే నిట్లగునని నేను చెప్పితిని. ఆతడు నవ్వి, "అదేంటో నాకు తెలవదు మేష్టారూ. తెలుపు మిగిలిందంటే గాలి సిక్కినట్టే. ఆ గాలి తియ్యకపోతే రేపు అక్కడే పొర లేత్తది" అనెను. కారణము నాది, గుర్తు ఆతనిది. గాడుల రోలరుతో ఆ గాలిని అంచువైపునకు త్రోయుట నాకు నేర్పినవాడును ఆతడే.

ఇక డబ్బాల సంగతి. పడవ ప్రక్కన మూడు పాత్రలుండెను: ఘాటైన వాసన గల రెజిను డబ్బా యొకటి, ఊదారంగు కోబాల్టు ద్రవపు సీసా యొకటి, నీటివలె నిర్మలమైన పెరాక్సైడు సీసా యొకటి. కోబాల్టును ముందుగా రెజినులో బాగుగా కలిపి, పిమ్మట పెరాక్సైడును కలుపవలెను. రెజిను లేకుండ నా రెంటిని సూటిగా కలిపినచో భగ్గున మండును, ప్రేలవచ్చును. పెరాక్సైడు కంటిలో పడిన చూపు పోవచ్చును. తత్క్షణమే పావుగంటకు తక్కువగాక ధారగా నీరు పోసి కడిగి వైద్యుని యొద్దకు పోవలెను. రెజినులోని స్టైరీను ఆవిరిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు 2018లో మనుష్యులకు క్యాన్సరు కలిగించుటకు హెచ్చు సంభావ్యత గల పదార్థములలో చేర్చిరి. ముక్కునకు తువ్వాలు చుట్టుకొనుట ఆ యావిరి నాపదు. దానికి బొగ్గు నింపిన ముసుగు కావలెను. గీచునపుడు లేచు గాజుధూళి చర్మమును, కన్నులను, గొంతును బాధించును.

జాగ్రత్తలు ఆ పాత్రలపై వ్రాసియే యున్నవి. చీమ తలకాయలంత యక్షరములతో, ఇంగ్లీషున. ఆ యూరి యువకుడొకడు అంతకు పూర్వము పడవలు పోయు షెడ్డులో పనిచేయుచుండగా పెరాక్సైడు చింది యొక కన్ను పోగొట్టుకొనెను. మంట పుట్టగానే కన్ను మూసికొని గుడ్డతో నొత్తుకొనెనట. నీళ్ల బిందె ప్రక్కనే యుండెను. "వాడి నుదుట నట్లు వ్రాసియున్నది" అని యూరివారనిరి. నుదుటి మీద కాదు, సీసా మీద వ్రాసియున్నది. చదువగలవా రచట లేకపోయిరి. చదువగల మనము అచటికి పోకపోతిమి.

నా శిష్యుని తండ్రి రెండవనాడే యా సీసాను నా చేతికిచ్చి, "ఏం రాశాడో సెప్పండి మేష్టారూ" అని యడిగెను. నేను చదివి చెప్పుచుండగా పిల్లవాడు పాత క్యాలెండరు వెనుక తెలుగున పెద్దయక్షరములతో వ్రాసెను. పెరాక్సైడు నూటికొక పాలు చొప్పున నని వచ్చినచోట వాడు ఆగెను. వడ్డీ లెక్కలలో నూటి కొకటి యనిన వానికి తెలియును. ఆ లెక్కయే తమ పడవ లెక్క యని వానికి నెవ్వరును చెప్పలేదు. కిలో రెజినునకు పది గ్రాములని తానే తేల్చి, తన తండ్రి వైపు చూచెను. తండ్రి యంతవఱకు సీసామూతతో కొలుచుచుండెను. మా తీరపు వేసవిలో మూత కొంచెము పొరలినను రెజిను గిన్నెలోనే వేడెక్కి, పొగలెత్తి, రాయియగును. దాని వెల యతని యొకనాటి వేట. ఆ మధ్యాహ్నము మందుల దుకాణమునుండి గీతల కొలపాత్ర వచ్చినది. బిందె పడవ చెంతకు జరిగినది. కోబాల్టు సీసా పడవ ముక్కు దగ్గఱకును, పెరాక్సైడు సీసా నీడనున్న వెనుకవైపునకును పోయినవి. ఇంతకంటె నేను చేసినది లేదు. ఇది చేయుటకు పట్టిన కాలము ఒక గంట.

ఆ గంట యన్ని తీరములందును ఎవ్వరికిని ఏల దొరకకుండవలెను? ఈ పత్రిక చదువువారిలో రసాయనము చదివినవారున్నారు, వైద్యులున్నారు, న్యాయవాదులున్నారు, ఉపాధ్యాయులున్నారు. ప్రాణహాని గల పదార్థమును తెలుగువారి కమ్మువాడు దాని జాగ్రత్తలను తెలుగున వ్రాయవలెనని మనము గట్టిగా నడుగవలెను. ఉన్నత పాఠశాలలో నామ్లములను, క్షారములను బోధించునపుడు పిల్లల యిండ్లయందున్న ద్రవములను గూర్చియు బోధింపవలెను. బడికి వచ్చు పిల్లడే యా యింట మొదటి చదువరి. మన బిడ్డలను సెలవులలో నొక పనివాని చెంత కూర్చుండబెట్టుట వారి మర్యాదకు లోపము గాదు. తెల్లమచ్చను చూచి గాలిని గుర్తించు కన్ను ఏ కళాశాలయు నీయదు.

చదువును చేతిపనియు నేడు మన సంఘమున రెండు వేఱు డబ్బాలలో నున్నవి. ఒకదానిలోనిది వ్రేలాడుచున్నది, మఱియొకదానిలోనిది పెళుసుగా విఱుగుచున్నది. వచ్చు ఏప్రిల్ 15న మరల పడవలు ఒడ్డెక్కును. ఇంగ్లీషు చదువగలిగి, తీరమునకు నొక పగటి ప్రయాణములో నున్నవారందఱును ఆ రెండు నెలలలో నొక మధ్యాహ్నమును దానికై యుంచుదురు గాక.