ఏనుగుల దారిలో మా కారు

మా ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద బర్రెల మంద అడ్డం వచ్చిందంటే హారన్ కొట్టి కొట్టి విసిగిపోతాం. అదే ఏనుగుల మంద అడ్డం వస్తే? హారన్ కొట్టకూడదు, కారు దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. పైగా స్టీరింగ్ ముందు కూర్చున్నది నేనే అయితే? కిందటి ఏడాది ఆగస్టులో దక్షిణాఫ్రికాలో నాకు సరిగ్గా ఇదే జరిగింది. మా వీధిలో చెబితే ఎవరూ నమ్మలేదు. మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మా వారికి స్కూటర్ తప్ప కారు రాదు. అమ్మాయి కాలేజీ కోసమని కారు కొన్నాం గానీ డ్రైవర్లు నిలవలేదు. నలభై రెండో ఏట నేనే డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చిన నెలకే, సందులో రివర్స్ తీస్తూ మా గేటు స్తంభానికే గీకించాను. అంతే! "నీకెందుకే ఈ తిప్పలు" అని తాళం చెవి బీరువా మీద పెట్టేశారు. మళ్ళీ దించలేదు. నేనూ అడగలేదు. అడిగితే స్తంభం ముచ్చట మళ్ళీ మొదలవుతుందని.

మా తమ్ముడికి జోహాన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం. "అక్కా, బావా, ఒకసారి రండి. క్రూగర్ పార్కుకు మన కారులోనే పోదాం. అక్కడ ఎవరి బండి వాళ్ళే నడుపుకుంటూ జంతువులను చూడొచ్చు" అని ఏడాదిగా పిలుస్తున్నాడు. "ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోని రా, ఉంటే మంచిదే" అని నాకు విడిగా చెప్పాడు. మా వారికి చెప్పకుండా తీసుకుని, పర్సులో పసుపు కుంకుమ పొట్లం పక్కన దాచుకున్నాను.

మూడు కార్లతో మొదలైన పార్కు

దుబాయిలో విమానం మారి జోహాన్నెస్‌బర్గ్ చేరాం. అక్కడి నుంచి మలెలేన్ గేటుకు పొద్దంతా ప్రయాణం. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడపాలి, స్టీరింగ్ కుడి వైపే ఉంటుంది. అది చూసి నా ప్రాణం కాస్త కుదుటపడింది.

క్రూగర్ అంటే చిన్న తోట కాదు. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. మన రంగారెడ్డి జిల్లాలాంటివి నాలుగు కలిపితే అంత. 1898లో కొంత భాగాన్ని వేట నిషిద్ధం చేశారు. 1926లో అది జాతీయ పార్కు అయింది. 1927లో తొలిసారి జనాన్ని కార్లలో లోపలికి రానిస్తే, ఆ ఏడాది మొత్తం మీద వచ్చినవి మూడే కార్లట! ఇప్పుడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి.

నియమాలు మాత్రం గట్టివి. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. గుర్తు పెట్టిన చోట తప్ప కారు దిగకూడదు, కిటికీలోంచి చెయ్యి కూడా బయట పెట్టకూడదు. ఆగస్టులో సాయంత్రం ఆరింటికి క్యాంపు గేట్లు మూసేస్తారు. ఆలస్యమైతే జరిమానా. క్యాంపు చుట్టూ కంచె ఉంటుంది. అంటే రాత్రిళ్ళు మనుషులు కంచె లోపల, జంతువులు బయట! మన జూపార్కుకు సరిగ్గా తలకిందులు.

ఆగస్టు వాళ్ళకు చలికాలం, వానలుండవు. గడ్డి ఎండిపోయి ఉంటుంది, నీళ్ళు కొన్నిచోట్లే ఉంటాయి. అందుకని జంతువులు బాగా కనిపిస్తాయి. మొదటి రోజే జిరాఫీలు, చారల గుర్రాలు, లెక్కలేనన్ని ఇంపాలా జింకలు చూశాం. రెండో రోజు పొద్దున్నే ఆడసింహం ఒకటి, మా బస్టాండు ముందు ఆవు పడుకున్నట్టే, రోడ్డు మధ్య పడుకుని ఉంది. మా వారు కెమెరా పట్టుకున్నారు గానీ నొక్కడం మరిచిపోయారు. క్యాంపుల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో పటం మీద రంగు బిళ్ళలతో చూపిస్తారు. ఖడ్గమృగానికి మాత్రం బిళ్ళ పెట్టరు. కొమ్ము కోసం చంపే దొంగ వేటగాళ్ళకు ఆచూకీ తెలుస్తుందని భయం.

స్కుకూజాలో పచ్చిపులుసు

మేం దిగింది స్కుకూజా అనే పెద్ద క్యాంపులో. ఆ పేరుకు అక్కడి త్సోంగా భాషలో 'ఊడ్చేసేవాడు' అనే అర్థం చెబుతారు. 1902లో మొదటి వార్డెన్‌గా వచ్చిన స్టీవెన్సన్ హామిల్టన్ దొర వేటగాళ్ళతో పాటు అక్కడ ఉంటున్న ఊళ్ళ జనాన్ని కూడా అడవి నుంచి పంపించేశాడని జనమే పెట్టిన పేరట. ఆ సంగతి విన్నప్పుడు మన నల్లమల చెంచులు గుర్తొచ్చారు. అడవిని కాపాడడమంటే ఎవరో ఒకరి పొయ్యి ఆరిపోవాలేమో అనిపించింది.

క్యాంపులో కాటేజీ ముందు 'బ్రై' అనే ఇనుప పొయ్యి ఉంటుంది. అందరూ మాంసం కాలుస్తుంటే నేను ఆ నిప్పుల మీద పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ కాల్చి చింతపండు రసంలో పిసికి పచ్చిపులుసు చేశాను. అక్కడి వాళ్ళ ముఖ్యమైన తిండి 'పాప్' అని తెచ్చాడు తమ్ముడు. చూస్తే మన మక్క గట్కే! దాన్నే పచ్చిపులుసుతో తిన్నాం. ఘాటు వాసనకు పక్క కాటేజీ ఆవిడ వచ్చి పలకరించింది. వాళ్ళ పూర్వీకులు చెరకు తోటల్లో పనికి డర్బన్ వైపు వచ్చిన తెలుగువాళ్ళట. 1860 నుంచి మన వాళ్ళు అలా ఓడల్లో వెళ్ళారు. ఆవిడకు తెలుగు రాదు. కానీ ఒక గుటక తాగి, "మా నానమ్మ చేసేది" అని ఇంగ్లీషులో అని కళ్ళు తుడుచుకుంది. కారం వల్లో, నానమ్మ వల్లో నేను అడగలేదు.

ఇంటి నుంచి మోసుకెళ్ళిన సకినాల పొట్లాన్ని మాత్రం మర్నాడు పొద్దున కోతి ఎత్తుకుపోయింది. ఆఫ్రికా కోతికీ మన కోతికీ ఆ విషయంలో తేడా లేదు.

ఆ సాయంత్రం

మూడో రోజు లోయర్ సాబీ అనే క్యాంపుకు వెళ్ళాం. స్కుకూజా నుంచి నది వెంట దాదాపు 45 కిలోమీటర్లు. భోజనం చేసి వస్తూ తమ్ముడు మెట్టు తప్పి పడ్డాడు. కుడి పాదం బూరెలా వాచింది. బ్రేకు మీద కాలు పెట్టలేడు. మరదలికి ఇంకా లైసెన్సు రాలేదు. మా వారికి కారు రాదు. కట్టు కట్టించి, మాత్రలు వేసి, బయల్దేరేసరికి నాలుగుంపావు. ఆరింటికి స్కుకూజా గేటు పడుతుంది.

"అక్కా, నువ్వే నడుపు" అన్నాడు తమ్ముడు.

మా వారు నా వైపు చూశారు. నేను పర్సులోంచి పర్మిట్ తీసి చూపించాను. ఏమీ అనలేదు. వెళ్ళి నా పక్క సీట్లో కూర్చుని బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నారు.

సగం దారి బాగానే వచ్చాం. ఓ మలుపు తిరగ్గానే రోడ్డు నిండా ఏనుగులు. పదిహేనుకు తక్కువ ఉండవు. నది వైపు దాటుతున్నాయి. కారు దూరంగా ఆపేశాను. ఇంతలో పెద్ద ఏనుగు ఒకటి దాటకుండా మా వైపు తిరిగి, చెవులు చాటల్లా విప్పి, నడుచుకుంటూ రాసాగింది. దాని కాళ్ళ వెనక గున్న ఉంది. తల్లి అన్నమాట.

"అక్కా, ఇంజన్ రేజ్ చెయ్యకు. మెల్లగ వెనక్కి తియ్" అన్నాడు తమ్ముడు గుసగుసగా.

రివర్స్! నాకు మా గేటు స్తంభం కళ్ళ ముందు నిలబడింది. చేతులకు చెమట పట్టి స్టీరింగ్ జారుతోంది. వెనకెవరూ లేరు, అదే అదృష్టం. అద్దంలో చూస్తూ, గేరు వేసి, పిల్లను నిద్రపుచ్చినంత మెల్లగా వెనక్కి తీశాను. నాలుగు కరెంటు స్తంభాలంత దూరం పోయాక అది ఆగింది. చెవులు దించింది. గున్నను తొండంతో తోసుకుంటూ నది వైపు దిగిపోయింది. మంద మొత్తం దాటేసరికి అయిదూ ఇరవై. పొద్దు చెట్ల వెనక్కి పోతోంది. కారులో ఎవరూ మాట్లాడలేదు. తొందరపడి 50 దాటకుండా కాలు అదిమి పెట్టుకోవడమే అన్నిటికంటే కష్టమైంది.

అయిదూ యాభైకి గేటు దాటాం. కారు ఆపాక మా వారు బెల్టు తీస్తూ అన్నారు: "ఇక్కడ గేటు స్తంభం లేదు గద, బాగనే తీసినవ్." ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన మెప్పు ఇలాగే ఉంటుంది. నాకు చాలు.

వెళ్ళాలనుకునేవారికి

* లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ దగ్గరుంచుకోండి. కారు నడిపే ఇద్దరైనా ఉంటే మంచిది.
* అది మలేరియా ఉండే ప్రాంతం. మాత్రల సంగతి ముందే డాక్టర్‌ను అడగండి. సాయంత్రాలు పొడుగు చేతుల బట్టలు వేసుకోండి.
* ఆగస్టు ఉదయాలు చలి. స్వెట్టరు తప్పనిసరి.
* రోజూ తిరుగు ప్రయాణానికి అదనంగా గంట ఉంచుకోండి. ఏనుగులు మన గడియారం చూడవు.
* కోతులకు తిండి పెట్టకండి, కనిపించేలా కూడా ఉంచకండి.

అంత దూరం పోలేకపోతే మన అమ్రాబాద్ అడవి ఉంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు నుంచి మన కారులోనే అడవి మధ్యలోంచి పోవచ్చు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. రోడ్డు దిగి లోపలి సఫారీకి మాత్రం అటవీ శాఖ వాళ్ళ బండి ఎక్కాల్సిందే.

మొన్న దసరా సెలవుల్లో మేమిద్దరం అక్కడికే వెళ్ళొచ్చాం. నేనే నడిపాను. మా వారు దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. పులి కనిపించలేదు గానీ, తాళం చెవి మాత్రం ఇప్పుడు బీరువా మీద లేదు. వంటింటి తలుపు పక్క మేకుకు వేలాడుతోంది.