ఇంటర్నల్‌లో నాకు 18, వాడికి 6



నెల కింద మా హెచ్‌ఓడీ సార్ పిలిచి, "నిన్ను ఐక్యూఏసీలో స్టూడెంట్ మెంబర్‌గా వేసినం, మీటింగ్‌కు రా" అన్నడు. అదేందో నాకు తెల్వది. హాస్టల్‌కొచ్చి ఫోన్‌ల చూసిన. కాలేజీల నాణ్యత చూసే న్యాక్, ప్రతి కాలేజీలో ఈ కమిటీ ఉండాలంటది. అందులో విద్యార్థులకు కూడా చోటు ఉండాలట. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అసొంటిది ప్రిన్సిపాల్ పక్కన కుర్చీ అంటే ముందురోజు నిద్ర పట్టలే.

పాతబస్తీ కాలేజీ అనంగనే నయాపూల్ దగ్గరి సిటీ కాలేజీ అనుకుంటరు, మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన కాలేజీ. మాది అది కాదు, చిన్నది.

మీటింగ్‌లో రెండే ముచ్చట్లు. వచ్చే ఏడాది ఇంటర్నల్ పరీక్షలు ఎట్ల పెట్టాలె, లెక్చరర్లను ఏ ట్రైనింగ్‌లకు పంపాలె. ఒక మేడం తెర మీద బ్లూమ్ మెట్లు చూపించింది. 1956లో అమెరికాలో వచ్చిన పుస్తకంలోవి. తెలుసుకోవడం, అర్థం చేసుకోవడం, వాడడం, అట్ల పైకి పోతయి. మా ఇంటర్నల్స్ మొదటి మెట్టు మీదనే కూసున్నయని నాకు అప్పుడు అర్థమైంది.

ఎందుకంటే ఫస్టియర్‌లో ఎకనామిక్స్‌ల డిమాండ్ వ్యాకోచత్వం మీద ప్రశ్న వచ్చింది. ముందే చెప్పిన ప్రశ్న. ఇంగ్లీషులో బట్టీ పట్టి రాసిన, 20కి 18. ఏం రాసిననో నాకే తెల్వది. నా రూమ్మేట్‌ది ఉట్నూరు దిక్కు, ఇంట్ల గోండి, ఇంటర్ దాకా తెలుగు మీడియం. వాడికి 6 వచ్చినయి. ఎందుకు 6 అని ఎవ్వరూ అడగలే. మార్కుల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టిన్రు, అంతే. సెమిస్టర్‌లో పేపర్ పోయింది.

సెకండియర్‌లో ఒక గెస్ట్ లెక్చరర్ వచ్చిండు. పుస్తకం తెరవకుండ, "మీరాలం మండిలో టమాటా పిరమైతే మీ మెస్‌ల ఏమైతది?" అని అడిగిండు. మా క్లాసులో లేచింది ఎవరనుకున్నరు? వాడే. "టమాటా పప్పు బందయి చింతపండు పప్పు వస్తది సార్. ఉప్పు పిరమైతే మాత్రం ఉప్పు తక్కువెయ్యరు" అన్నడు. సార్ నవ్వి, "వ్యాకోచత్వం అంటే ఇదే" అన్నడు. 18 వచ్చిన నాకు అది ఆ రోజు సమజైంది. 6 వచ్చినోడికి ముందునుంచే తెలుసు. కానీ అప్పటికే వాడికి మూడు బ్యాక్‌లాగులు. దసరా సెలవులకు పోయినోడు మళ్ల రాలే. ఇప్పుడు కూలికి పోతుండు.

మీటింగ్‌లో ట్రైనింగ్ లిస్టు చదివిన్రు. రిఫ్రెషర్ కోర్సులు, 2023లో యూజీసీ మొదలుపెట్టిన మాలవీయ మిషన్ ట్రైనింగులు. అన్నీ పర్మనెంట్ సార్ల పేర్లే. గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్ లెక్కన పైసలు, రెండు వారాలు ట్రైనింగ్‌కు పోతే రెండు వారాల జీతం పోయినట్టే. తర్వాత ఫీడ్‌బ్యాక్ రిపోర్టు. "విద్యార్థులు సంతృప్తిగా ఉన్నారు." ఆ ఫారం మీద మా రోల్ నంబర్ రాయాలె. అందరం "చాలా బాగుంది" మీదనే టిక్ కొట్టినం, నేనూ కొట్టిన.

చెయ్యి లేపిన. గొంతు వణికింది. మూడోవారంలోనే మార్కుల్లేని చిన్న టెస్టు పెట్టున్రి, తెలుగులనో ఉర్దూలనో రాయనియ్యున్రి, ఎవరు ఎక్కడ ఆగిన్రో అప్పుడే తెలుస్తది అన్న. ఫారం మీద నంబర్ తీసెయ్యమన్న. గెస్ట్ సార్లకు ట్రైనింగ్ రోజులను డ్యూటీ కింద లెక్కగట్టమన్న. ఒక సార్, "మార్కులు లేకపోతే ఎవడు రాస్తడు?" అన్నడు. నిజం చెప్పాల్నంటే నేనే ఎగ్గొడ్తనేమో. ప్రిన్సిపాల్ మాత్రం, "కాగితం మీద రాసియ్యి, మినిట్స్‌ల పెడ్త" అన్నడు.

రాత్రి రూమ్మేట్‌కు ఫోన్ చేసిన. ఫస్టియర్‌ల నిన్ను ఏమడిగితే బాగుండెరా అన్న. చాలాసేపు మాట్లాడలే. "ప్రశ్న ఏందో అర్థమైందా అని అడిగితే సరిపోవు" అన్నడు. బ్యాక్‌లాగ్ ఫీజుకు ఆఖరి తారీఖు ఎప్పుడని వాడే అడిగిండు. కనుక్కొని చెప్త అన్న.

సోమవారం కాగితం ఇయ్యాలె. మీ కాలేజీలల్ల గెస్ట్ లెక్చరర్లను జీతం కోయకుండ ట్రైనింగ్‌కు పంపిన చోటు ఎక్కడన్న ఉంటే చెప్పున్రి, పేరు పెట్టి రాస్త.