లోపలి కాపలా

"దగ్గు పోయిందిగా! ఇంకా ఈ మాత్రలెందుకే అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు, మందులు మొదలుపెట్టి రెండు నెలలైనా నిండకుండానే.

నా గుండె గుభేలుమంది. ఆవిడకు క్షయ అని తేలిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆరు నెలలు ఒక్క పూటా మానకూడదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. బతిమాలితే వినే మనిషి కాదు. అందుకని మా అమ్మాయి సైన్సు పుస్తకం తిరగేసి, కథ మొదలుపెట్టాను.

"మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా బుల్లి గాలి గదులున్నాయిట అత్తయ్యగారూ! ముక్కునీ, గొంతునీ దాటొచ్చిన దుమ్మునూ క్రిములనూ అక్కడ మాక్రోఫేజ్ అనే కణాలు మింగి అరిగించుకుంటాయి. అయినదానికీ కానిదానికీ గొంతెత్తవు. గొడవైతే వాపొచ్చి ఊపిరాడదు కదా! తమ వల్ల కానప్పుడే రక్తంలోని తెల్లకణాలకు కబురంపుతాయి."

"ఇవన్నీ ఎవరు చూశారమ్మా?"

"1882లో సిసిలీలో మెచ్నికోవ్ అనే ఆయన నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చాడు. తెల్లారేసరికి ఇలాంటి కణాలే ముల్లు చుట్టూ మూగి ఉన్నాయిట. అదే ఏడు జర్మనీలో కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాడు."

"అయితే దొంగా పోలీసూ ఒకే ఏడు దొరికారన్నమాట!"

"దొరికినా ఏం లాభం? ఈ దొంగ మింగినా అరగడు. మింగిన కణంలోనే కాపురం పెట్టి, తిన్నింటి వాసాలు లెక్కపెడతాడు. తక్కిన కణాలు చుట్టూ చేరి గోడ కడతాయి. చాలామందిలో జన్మంతా ఆ గోడ వెనకే పడుంటాడు. ఒంట్లో సత్తువ తగ్గిందా, బయటపడతాడు. మందులకు ముందు చచ్చేది చురుగ్గా పెరిగే క్రిములే. అందుకే దగ్గు తగ్గింది. మందకొడిగా నక్కినవి చావడానికి నెలలు పడుతుంది. మధ్యలో మానేస్తే అవి మళ్ళీ విజృంభిస్తాయి, ఆపైన ఈ మందుకు లొంగకుండానూ పోవచ్చు."

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. "అంటే దొంగ ఇంకా అటక మీదే ఉన్నాడంటావు" అని నా చేతిలోంచి మాత్రలు తీసుకుని మింగారు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "పాపం, ఆ కణాలు! పగలనకా రాత్రనకా ఇల్లు ఊడ్చుకుంటూ, నోరెత్తకుండా... అచ్చం నాలాగే!" అన్నారు.

నేనేమీ అనలేదు. అయినదానికీ కానిదానికీ గొంతెత్తకూడదని ఇందాకే కదా చెప్పాను!