పెన్‌డ్రైవు గోత్రము

లింగాలలో మా చీనీతోట గట్టున కూర్చుండి, మొన్నటి పెండ్లి వీడియోను, 6 జీబీలది, మేనల్లుడు తెచ్చిన పెన్‌డ్రైవులోనికి ఎక్కింపబోగా, లోపల 20 జీబీలు ఖాళీగా నున్నను, ఫైలు మఱీ పెద్దదని ల్యాప్‌టాప్ మొరాయించెను. డ్రైవు చెడినదని తీర్మానించి పారవేయబోవుచున్న వానిని వారించి, లినక్సు టెర్మినల్ తెఱచి, ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొట్టి, కొంచెము ఎడమిచ్చి మైనస్ ఎఫ్ చేర్చితిని. క్షణములో డిస్కులును వాని విభాగములును, ఫైల్‌సిస్టమ్ రకమనెడి గోత్రముతో సహా, కొమ్మలు రెమ్మలుగా తెరపై నిలిచెను: నా హార్డుడిస్కు విభాగమునకు ఎదుట ఈఎక్స్‌టీ4, ఆ పెన్‌డ్రైవునకు ఎదుట వీఫ్యాట్. అనగా ఫ్యాట్32, ఫైలు పరిమాణమును 32 బిట్లలో వ్రాసికొను ఆ పాతకాలపు పద్ధతి, చోటెంత యున్నను, 4 జీబీలు నిండిన ఫైలును మోయజాలదు.

డీఎఫ్ మైనస్ పెద్ద టీ యనునదియు గోత్రము చెప్పును గాని, మౌంటు కానివి దానికి కరణము లెక్కకెక్కని బీడుభూములు. (1984లో కరణీకము పోయినను ఈ ఉపమానము నన్ను వదలలేదు.)

పెన్‌డ్రైవు లోపలి ఫోటోలను వేఱొకచోట భద్రపఱచి, దానిని ఆ 4 జీబీల హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాటు చేసితిమి. పెండ్లి యంతయు, అప్పగింతలతో సహా, ఎక్కినది. మీరును డ్రైవును నిందించుటకు ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపు ఆ పట్టికను ఒక్కమాఱు చూడుడు.