లెక్కల సారు

కువైట్ సిటీకి వచ్చిన కొత్తలో మాట. శుక్రవారం మాలియాకి వెళ్తే కడప జిల్లా సగం అక్కడే ఉందేమో అనిపించేది. సారు నాకు అక్కడే పరిచయం.

రాజంపేటలో ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేవారట. ఇక్కడ మొదట స్టోర్‌కీపరు, తర్వాత సాల్మియాలో ఓ ఇండియన్ స్కూల్లో టీచరు. హమ్మయ్య అనుకునేలోపు, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడింది. బస్సులో బాగ్దాద్, అమ్మాన్, అక్కణ్ణించి ఎయిరిండియా విమానంలో బొంబాయి. అప్పుడలా తరలివచ్చిన భారతీయులు లక్షా డెబ్బై వేల మంది దాకా ఉన్నారు. అప్పులు తీరక 1992లో సారు మళ్ళీ ఇక్కడికే. ఈసారి టైపిస్టు, సాయంత్రాలు ట్యూషన్లు, శుక్రవారాలు డ్రైవర్లకి వడ్డీ లెక్కలు. దీనారుకి వెయ్యి ఫిల్సులన్న దగ్గర మొదలుపెట్టి!

"ఇన్ని పనులు ఎలా మారారు సార్?" అన్నాను, నా మూడు కంపెనీలూ తల్చుకుని.

"పనిదేముంది నాయనా. ఊరందరి పిల్లోళ్ళకీ లెక్కలు చెప్పినా. నా కొడుకు పదిలో లెక్కల్లోనే తప్పినాడు."

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. ఎప్పుడూ డబ్బు అందిందా అని అడిగేవాణ్ణి. మొదటిసారి పాపని లెక్కల నోట్సు తెమ్మన్నాను, భాగహారం చెబుదామని.

"అది పోయిన నెలే వచ్చేసింది నాన్నా" అంది.