గోలీ, బిళ్ళ, మాత్ర

ఈ వారం మూడు మాటలు. మూడింటికీ అర్థం ఒకటే.

నేను పుస్తకంలో నేర్చుకున్నది "మాత్ర". మా అమ్మది గుంటూరు, ఆవిడ "బిళ్ళ" అనేది. మనామాలో మా గుడికి వచ్చే నిజామాబాద్, జగిత్యాల వాళ్ళు "గోలీ" అంటారు.

ఇక్కడ పనివాళ్ళకి శుక్రవారం సెలవు. ఆ రోజు ప్రసాదం తీసుకున్నాక కొందరు మందుల సంచి చూపిస్తారు. మందుల మీద అరబిక్, ఇంగ్లీషు ఉంటాయి. వాళ్ళకి చదవడం వచ్చింది తెలుగు. నేను డాక్టర్ని కాను. అక్కడ రాసి ఉన్నది చదివి చెప్తాను, అంతే.

పోయిన నెల ఒకతను కీళ్ళవాతానికి కొత్తగా ఇచ్చిన మెథోట్రెక్సేట్ తెచ్చాడు. "అమ్మా, గీ గోలీ రోజూ పొద్దుగాల ఏసుకోవాల్నా, రాత్రి ఏసుకోవాల్నా?" అన్నాడు. దాని మీద "వారానికి ఒకసారి" అని ఉంది! అతని బీపీ గోలీ రోజూ వేసుకునేదే. ఇదీ అంతే అనుకున్నాడు. అదృష్టం, ఇంకా మొదలుపెట్టలేదు.

కీళ్ళవాతానికి ఈ మందు వారానికి ఒక్క రోజే. రోజూ మింగితే ఎముకల మూలుగలో రక్తకణాలు తయారవడం ఆగిపోతుంది. నోట్లో పుళ్ళు, జ్వరం వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే చీటీ మీద "వారానికి ఒకసారి" అని మాత్రమే కాదు, ఏ వారమో పేరు కూడా రాయాలి. దీనితో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. రెండూ చిన్న పసుపు బిళ్ళలే కావచ్చు, ఒకటి అనుకుని ఇంకొకటి మింగే ప్రమాదం ఉంది.

అక్కడి నుంచే మందుల షాపుకి ఫోన్ చేశాం. ఫార్మసిస్ట్ చీటీ చూసి రోజులు చెప్పాడు. నేను డబ్బాల మీద తెలుగులో పెద్దగా రాశాను. తర్వాత "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు బాబూ" అన్నాను.

"సుక్కురారం గీ గోలీ. సోమారం గది. బీపీ గోలీ మాత్రం రోజూ."

"అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఆఁ" అంటారు. డాక్టర్ ముందు, మందుల షాపులో, నా ముందు కూడా. పెద్దవాళ్ళకి ఎదురు అడగకూడదని మనకి అలవాటు. అందుకే ఆ ప్రశ్న నేను అడగను. "నాకు చెప్పు" అంటాను. అతను తన మాటల్లో తిరిగి చెప్పినప్పుడే మందు ఎలా వాడాలో తెలిసినట్టు.

నా పుస్తకంలో "సుక్కురారం" లేదు. ఇప్పుడు నా నోటుబుక్కులో ఉంది. మీ ఇంట్లో మాత్రని ఏమంటారు?