మున్నేటి నీరు తాగిన షేర్వాణీ

భద్రాచలానికి ఎవరైనా రాములవారి దర్శనానికి వెళతారు. మొక్కు తీర్చుకోవడానికి వెళతారు. పెళ్ళి మాటలకు వెళతారు. నేను మాత్రం 2025లో సంక్రాంతి వెళ్ళిన వారం, చంకలో ఒక పాత షేర్వాణీ మూట పెట్టుకుని దర్జీ కోసం వెళ్ళాను. స్వామి దర్శనమూ చేసుకున్నాననుకోండి. కాని అబద్ధమెందుకు, ఆ రోజున ముందు దర్జీ, తరువాతే దేవుడు!

ఆ షేర్వాణీ మా వారి తాతగారిది. ఖమ్మం అప్పటికింకా జిల్లా కాదు. నిజాం రాజ్యంలో వరంగల్లు జిల్లాకు చెందిన తాలూకా. తాతగారు అక్కడి కచ్చేరీలో గుమాస్తా. ఇంట్లో పంచె, కచ్చేరీకి షేర్వాణీ. ఆ రోజుల్లో హిందువులైనా ముసల్మానులైనా సర్కారు కొలువుకు అదే మర్యాద. మోకాళ్ళ దాకా నల్ల ఉన్ని గుడ్డ, మెడకు నిలువు పట్టీ, ముందు వరుసగా గుండీలు. కొత్త కోడలిగా వచ్చిన నాడు మా అత్తగారు ఆయనను అందులోనే చూశారట. "మా మామగారు అది తొడుక్కుని వీధిలోకి దిగితే కుక్కలు కూడా లేచి నిలబడేవి" అంటారు ఆవిడ ఇప్పటికీ. ఎనభై దాటిన ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే: మనుమడు పెళ్ళిలో ఒక్కపూటైనా ఆ షేర్వాణీ తొడుక్కోవాలని.

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో పల్లపు వీధులన్నిటినీ ముంచింది. మేము డాబా మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాము. నీరు తీసిన తరువాత కిందికి దిగి చూస్తే ఇంటినిండా అడుగెత్తు బురద. ఇనప్పెట్టె తెరిచేసరికి మా అత్తగారు మాట్లాడకుండా గోడకు చేరగిలబడ్డారు. షేర్వాణీ బురద ముద్దలా ఉంది. నాలుగు నీళ్ళలో జాడించి నీడన ఆరవేస్తే పైగుడ్డ బాగానే ఉంది గాని, లోపలి అస్తరు పిగిలిపోయింది. ఛాతీ మీద గుడ్డంతా బుడగలు బుడగలుగా లేచింది.

ఊళ్ళో మూడు దుకాణాలకు తీసుకువెళ్ళాను. అందరిదీ ఒకటే మాట. "అక్కా, రెండు రోజుల్లో కొత్తది కుట్టిస్త. ఇది విప్పితే మళ్ళ కలవదు." వాళ్ళను తప్పు పట్టలేను. ఇప్పటి కోట్లలో బక్రాన్ని వేడి ఇస్త్రీతో గుడ్డకు అంటించేస్తారు. ఈ షేర్వాణీలో అంటించినది ఏదీ లేదు. కేన్వాసును వందలాది చిన్న చిన్న చేతికుట్లతో పైగుడ్డకు పట్టి నిలబెట్టారు. అంత ఓపికకు ఈనాడు కూలి ఎవరిస్తారు? పెళ్ళి మాఘమాసంలో. సరే, నేనే విప్పుతానన్నాను. మా వారు నావైపు చూసి పత్రిక అడ్డం పెట్టుకున్నారు.

నాకు వచ్చిన కుట్టుపని అంతంత మాత్రం. రవికలు, లంగాలు, దిండు గలీబులు. మా అత్తగారి పుట్టింటివారు ఇచ్చిన సింగరు మిషను ఉంది. దాని నంబరు 'వై' అక్షరంతో మొదలవుతుంది. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కార్ఖానాలో 1920, 30లలో తయారైన మిషన్ల గుర్తు అది. ఆ కార్ఖానా 1980లో మూతపడింది గాని, దాని బిడ్డ మాత్రం మున్నేటిలో మునిగి కూడా చావలేదు! కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె పోసి, రెండు రోజులు ఓపికగా చక్రం తిప్పితే మూడవ నాటికి 'టకటక' మన్నది.

ఇక షేర్వాణీ. విప్పడమే చదువు అని నాకు అప్పుడే తెలిసింది. దర్జీ చివర వేసిన కుట్టు మనకు మొదట దొరుకుతుంది. ఒక్కొక్క కుట్టూ బ్లేడు మొనతో తెంపి, ఏది ముందు ఊడిందో దానికి అంకె వేసి కాగితం గుచ్చాను. అన్నీ ఊడిన తరువాత ఆ అంకెలను వెనకనుంచి చదువుకుంటే అదే కుట్టే వరస! ముక్కలను పాత పత్రికల మీద పరిచి గీతలు గీసుకున్నాను. కేన్వాసు మీద కుట్టు కూడా అలాగే పట్టుబడింది. సూది పైగుడ్డలో ఒక్క పోగును మాత్రమే అంటి రావాలి. బయటికి చుక్క కూడా కనపడరాదు. గుడ్డను ఎడమ అరచేతి మీద వంచి పట్టుకుని కుడితే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. మూడు వారాలు కుట్టాను. తరువాత తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టానో లేదో, ఛాతీ మీద మళ్ళీ అవే బుడగలు!

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పెళ్ళికి ఇంకా నెల కూడా లేదు.

మాకు కాబోయే వియ్యాలవారిది భద్రాచలం. ఫోనులో నా గోడు విని వియ్యపురాలు, "వదినగారూ, మా వీధిలో పాతకాలపు కోట్లు కుట్టిన ముసలాయన ఉన్నారు. బయలుదేరి వచ్చెయ్యండి" అన్నది.

ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. బస్సు తల్లాడ దాటి, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరేదాకా పత్తిచేలు, మిరపచేలు. కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు. రైలుకు వెళ్ళేవారు మోసపోతూ ఉంటారు. 'భద్రాచలం రోడ్' స్టేషను కొత్తగూడెంలోనే ఉంది. రాములవారు అక్కడికి ఇంకా 40 కిలోమీటర్ల దూరం! పాల్వంచ దాటిన తరువాత అడవి మొదలవుతుంది. టేకు, తునికి, ఇప్ప; మధ్య మధ్య కాగితపు మిల్లు కోసం పెంచిన జామాయిల్ తోటలు. సారపాక దగ్గర ఆ మిల్లు వాసన తగిలిందంటే గోదావరి వచ్చినట్టే. 1965లో వంతెన వచ్చేదాకా ఇక్కడ పడవ దాటవలసిందే.

ఆ వంతెన దాటుతూ ఉంటే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. భద్రాద్రి ఎన్ని చేతులు మారిందో! రామదాసు కాలంలో గోలకొండ నవాబులది. తరువాత నిజాములది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చాడు. 1874లో గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఊరు తెలంగాణలో నిలిచింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. అందుకే కాబోలు, మా ఇంట్లో 'అంగీ' అంటే వియ్యపురాలి ఇంట్లో 'చొక్కా'; మేము 'గుండీ' అంటే వాళ్ళు 'బొత్తాం'. మా తాతగారు షేర్వాణీ తొడిగిన రోజుల్లో వాళ్ళ తాతగారు పంచె మీద ఇంగ్లీషు కోటు వేశారట. గోదావరి ఒక్కటే, ఒడ్డుకొక దుస్తు!

దర్జీగారి దుకాణం గుడి మెట్లకు దూరంగా, సందులో ఒక అరుగు. డెబ్బై అయిదు పైబడిన మనిషి. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, మెడలో టేపు. దండెం మీద బడిపిల్లల యూనిఫారాలూ, రవికలూ వేలాడుతున్నాయి. ఒక రవిక చంక కింద చదరపు ముక్క ఒకటి మూలకు తిప్పి అతికి ఉండడం చూసి అదేమిటని అడిగాను.

"అది చంకముక్కమ్మా. గూడేల నుంచి వచ్చే ఆడకూతుళ్ళ కోసం. తునికాకు కోసేటప్పుడూ, నెత్తిన మోపు ఎత్తుకునేటప్పుడూ చెయ్యి పైకి లేవాలా వద్దా? రెడీమేడు రవిక అయితే వారానికే చంకలో పిగులుతుంది. ఈ ముక్క ఏటవాలు గుడ్డ గనక సాగుతుంది. మా నాన్న రోజుల్లో అందరికీ ఇలాగే కుట్టేవాళ్ళు."

నేను మూట విప్పాను. ఆయన షేర్వాణీని ఒళ్ళో వేసుకుని, ఛాతీ మీద బొటనవేలితో ఒకసారి రాసి, నావైపు చూశారు.

"కుట్టు ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరండి. విప్పి చూసి నేర్చుకున్నాను."

"కుట్టు బాగుంది. కొత్త కేన్వాసు తడిపి ఆరబెట్టావా, కుట్టబోయే ముందు?"

నా నోట మాట లేదు.

"గుడ్డకు మంగళస్నానం చేయించకుండా పీటల మీద కూచోబెడితే ఊరుకుంటుందామ్మా? ఇస్త్రీ ఆవిరి తగలగానే లోపలిది ముడుచుకుంది, పైది ముడుచుకోలేదు. అంతే నీ జబ్బు."

మూడు వారాల కష్టం మొత్తం విప్పాలి! కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన అవేమీ గమనించనట్టు పక్క కుట్లు తిరగేసి, "ఇది చూడు" అన్నారు. కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ మడిచి దాచి ఉంది. దాని మీద పాత కుట్టు ఆనవాలు ఒకటి. అంటే నడివయసులో తాతగారికి పొట్ట వచ్చినప్పుడు ఒకసారి వదులు చేశారన్నమాట. "ఆ దర్జీ ఎవడో గాని మంచివాడమ్మా. మనిషి పెరుగుతాడని ముందే గుడ్డ వదిలాడు. ఇంకా వాడని గుడ్డ ఉంది. మీ అబ్బాయి ఛాతీ ఎంత?"

నలభై అంగుళాలు. సరిగ్గా సరిపోయింది.

ఆ రెండు రోజులూ ఆ అరుగు మీదే కూర్చున్నాను. తడిపి ఆరబెట్టిన కేన్వాసును మళ్ళీ పట్టడం. తడిగుడ్డా, ఇస్త్రీపెట్టే పెట్టి, కత్తెర వేయకుండానే ఉన్నిగుడ్డను ఒకచోట ముడిచి, ఒకచోట సాగదీసి భుజం మలచడం. కాజా అంచున దారంతో ముడి మీద ముడి వేయడం నేర్పారు. కూలి ఎంతని అడిగితే తల అడ్డంగా ఊపారు. "నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళంతా దుకాణాల్లో జీతాలకు కుదిరిపోయారు. ఈ కుట్టు ఇప్పుడెవరికీ అక్కర్లేదు. నువ్వు ఇద్దరికి నేర్పు. అదే నా కూలి."

మూడవనాడు వియ్యపురాలు నన్ను ఊరకే పంపక పర్ణశాలకు తీసుకుపోయింది. దారిలో దుమ్ముగూడెం. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని కాటన్ దొర సంకల్పంతో కట్టిన ఆనకట్ట అక్కడ ఉంది. ఆ నౌకా పథకాన్ని 1871లో మానుకున్నారు. ఆ ఊళ్ళోనే మిషను వారు ఒకప్పుడు ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. దుమ్ముగూడెం లేసు అనే పేరుతో అది సముద్రాలు దాటింది. పడవల దారి ఆగినా, ఈ అడవిలోని ఆడవాళ్ళ చేతిపని అంతదూరం వెళ్ళిందన్నమాట! పర్ణశాలలో వాగు ఒడ్డున రాళ్ళ మీద రంగు చారలు చూపించి, సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన గుర్తులన్నారు. పదిమందీ దండం పెట్టారు. నేనూ పెట్టాను గాని, 'తల్లీ, నువ్వయినా తడిపి ఆరవేశావు, నాకు ఆ బుద్ధి లేకపోయింది' అనుకున్నాను.

మాఘంలో పెళ్ళి జరిగింది. మా అబ్బాయి షేర్వాణీ తొడుక్కుని నానమ్మకు దండం పెట్టాడు. ఆవిడ వాడి భుజాలు తడిమి, మెడపట్టీ దగ్గర వేళ్ళు ఆపారు. అక్కడ ఎడమవైపు ఒక నూలుపోగంత ఎత్తు నేను సరిచేయలేకపోయాను. నా గుండె ఆగింది. "మా మామగారి మెడ కూడా కాస్త అటే వంగి ఉండేదే" అని, ఆవిడ చాలాసేపు చెయ్యి తీయలేదు. భద్రాచలం దర్జీగారు భోజనాల వేళకు వచ్చారు. అక్షింతలు వేసే నెపంతో పెళ్ళికొడుకు ఛాతీ మీద ఒకసారి బొటనవేలు రాసి, నావైపు చూసి తల ఊపారు.

ఆ పెళ్ళి అయిన నెలకు, ఆదివారాలు మా వరండాలో ఇద్దరు అమ్మాయిలు చేరారు. కాజాలు ఇప్పటికి ఒక దారికి వచ్చాయి. ఎక్కడైనా చిక్కు పడితే ఫోనులో ఆ కుట్టు భద్రాచలానికి చూపిస్తాము. ఆయన అక్కడినుంచే కేకలు వేస్తారు. మొన్న వారిలో చిన్నది అడిగింది: "ఆంటీ, లోపల ఇంత గుడ్డ ఎందుకు వదలాలి, దండగ కదా?" అప్పుడు మా అత్తగారు పడక్కుర్చీలోంచి పెళ్ళి ఫోటో అడిగి తెప్పించుకుని దాని చేతికిచ్చారు.

మీ ఇంట్లో కూడా ఇనప్పెట్టె అడుగున ఏ తాతగారి కోటో, అమ్మమ్మగారి రవికో ఉండే ఉంటుంది. పాతగిన్నెల వాడికి వేసేముందు పక్క కుట్టు ఒక్కటి విప్పి చూడండి. లోపల ఎంత గుడ్డ వదిలారో కొలిచి చూడండి.